ప్రశ్న వాళ్ల దగ్గర్నుంచే తీసుకోండి

మాస్టారూ, మీ డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకని 40 ప్రశ్నల ఫారం పట్టుకెళ్తే ఊళ్లో ఎవరూ మాట్లాడటం లేదని రాశారు. తప్పు పిల్లలది కాదండీ, ఆ ప్రశ్నలు స్టాఫ్‌రూమ్‌లో పుట్టాయి.

ఫారం పక్కనపెట్టి ముందు నీటి సంఘం (కాలవ నీళ్లు వాడుకునే రైతుల సంఘం) వాళ్ల దగ్గర కూర్చోండి. సాగునీటి నిర్వహణ రైతులకిచ్చిన 1997 చట్టంతో వచ్చిన సంఘాలవి, కాలవ చివర శివారు రైతు గోడు వాళ్లకి తెలుసు. మా దగ్గర వాళ్లడిగింది ఒక్కటే: "దాళ్వాలో (రబీ వరిలో) మాకు నీళ్లొదిలే వంతు రోజున చివరి బోదెకి, అంటే చివరి పిల్లకాలవకి, నీళ్లు ఎంత వస్తున్నాయి?" పిల్లలు సెంటీమీటర్లు గీసిన వెదురుకర్ర కాలవలో పాతి, రోజూ పొద్దున్నా సాయంత్రం ఆరింటికి నోటుబుక్కులో రాసుకున్నారు. ఒకమ్మాయి రెండ్రోజులు వెళ్లలేక అంచనాగా అంకెలు వేసేసింది. పక్కచేను రైతు చూసి, "ఆవేళ కాలవలో చుక్క లేదమ్మా" అన్నాడు. డేటా నిజాయితీ గురించి నేను ఏడాదంతా చెప్పినా అంత బాగా ఎక్కదు.

నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల దగ్గరికైతే భోజనాలయ్యాక వెళ్లండి. పేరు రాసేముందు అడిగి రాయమనండి.

తేలిందేమిటో తిరిగి ఊళ్లోనే, తెలుగులో, చార్టు మీద చూపించడానికి ప్రాజెక్టు సమయంలో కొన్ని గంటలు తప్పకుండా ఉంచండి. దాళ్వా వంతులు మొదలవ్వకముందే సంఘంతో మాట్లాడుకోండి.