పేలుడుకి చిల్లుపడిన చెవి: నూనె వద్దు, ఆడియోగ్రామ్ ఆలస్యం చేయొద్దు

ప్రశ్న: మా తమ్ముడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో చదువుతున్నాడు. పక్క అపార్ట్‌మెంట్ మీద క్షిపణి పడి తొమ్మిది రోజులైంది. ఇప్పుడు బెంగళూరులో మా దగ్గరే ఉన్నాడు. కుడి చెవి సరిగ్గా వినపడట్లేదు, ఒకటే హోరు. కర్ణభేరికి చిల్లు పడిందనీ, అదే పూడుతుందనీ అక్కడి డాక్టర్ చెప్పారట. అమ్మ వెల్లుల్లి కాచిన నూనె వేస్తానంటోంది. కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడుతున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు అమ్మగారిని ఆపండి. చిల్లులోంచి నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగి చీము పట్టించవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చే చుక్కలూ వద్దు. వాటిలో జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉంటే లోపలి చెవి దెబ్బతినవచ్చు.

చిల్లు పూడుతుందన్న మాట నిజమే. చిన్నవి చాలావరకు మూడు నెలల్లోపు మూసుకుంటాయి, లేకపోతే ఆపరేషన్ ఉంది. నా తొందర దాని గురించి కాదు. ఆ గాలిదెబ్బ కర్ణభేరిని చీల్చి అక్కడితో ఆగదు, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సున్నితమైన రోమకణాల దాకా పోతుంది. అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. హోరు అక్కడిదే కావచ్చు. చిల్లు వల్ల తగ్గిన వినికిడి ఎంత, నరం వైపు దెబ్బ ఎంత అన్నది ఆడియోగ్రామ్‌లోనే, అంటే వినికిడి పరీక్షలోనే, విడిగా తెలుస్తుంది. నరం వైపు దెబ్బ ఉంటే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలా అన్నది ఈఎన్‌టీ డాక్టర్ చూస్తారు. కచ్చితంగా పనిచేస్తాయని చెప్పలేం గానీ, ఇవ్వాలనుకుంటే మొదటి రెండు వారాల్లోనే మేలు ఎక్కువ. మీకు మిగిలింది ఐదు రోజులు. రేపే వెళ్లండి. చిల్లు అంచులు లోపలికి మడతపడ్డాయేమో మైక్రోస్కోప్‌లో చూడమనండి. అలా మడతపడిన చర్మం మధ్యచెవిలో చిక్కుకుంటే తర్వాత గడ్డలా పెరిగి ఎముకను తినేస్తుంది.

అప్పటిదాకా చెవి తడవకూడదు. తలస్నానానికి వాజలీన్ రాసిన దూది పెట్టుకోవాలి. ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. తుమ్మినా ముక్కినా కళ్లు తిరుగుతుంటే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. పేలుడులో ఒంటికి గాజుపెంకులు గుచ్చుకుని, ఆ చోట ఇంకా నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించండి, గాజు దాదాపు ఎప్పుడూ అందులో కనిపిస్తుంది. ధనుర్వాతం ఇంజక్షన్ వేయించారో లేదో అడగండి.

పేలుడు వల్ల ఊపిరితిత్తులకు దెబ్బ తగిలితే సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. పేగు మాత్రం ఆలస్యంగానూ చిల్లు పడొచ్చు. కడుపునొప్పి, జ్వరం, నల్లటి విరేచనం ఉంటే ఎమర్జెన్సీకే. తలనొప్పి ముదిరి వాంతులు, మత్తు వచ్చినా అంతే.

ఉలికిపాటు తొలి నెలలో సహజం. జరిగింది చెప్పమని బంధువులు గుచ్చిగుచ్చి అడగకుండా చూడండి. పడుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు ఉంటే హోరు కాస్త మరుగున పడుతుంది. నెల దాటినా పీడకలలు, నిద్రలేమి పోకపోతే బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో చూపించండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆడియోగ్రామ్ కాగితం జాగ్రత్తగా దాచండి, మూడు నెలలకు మళ్లీ తీసేదాన్ని దానితోనే పోల్చాలి.