హిస్టాలజీని బట్టీ పట్టొద్దు పాపా

పాపా,

కర్నూలు మెడికల్ కాలేజీలో నీకు సీటొచ్చిందని మీ నాయన ఫోన్ చేసిన రోజు నుంచి మా వీధిలో నేను చెప్పని మనిషి లేడు. పాలాయనకు చెప్పిన, మెడికల్ షాపులో చెప్పిన, ఆఖరికి కరెంటు బిల్లు తీయడానికి వచ్చిన పిల్లోడికి కూడా చెప్పిన. అంత సంతోషంలో ఉంటే, హిస్టాలజీ గురించి, అంటే ఒంట్లోని కణజాలాలను మైక్రోస్కోపులో చూసి నేర్చుకునే చదువు గురించి, నువ్వన్న మాట ఒకటి చెవిన పడింది. "హిస్టాలజీ ఏముంది, బొమ్మలే కదా, పరీక్షకు వారం ముందు బట్టీ కొడితే సరిపోతుంది" అన్నావంట. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నీ పెద్దనాయన బతుకంతా పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా రోగుల ఒంటి నుంచి తీసిన ముక్కలు కోసి, మైనంలో పోసి, రంగులేసి స్లైడ్లు చేసినవాడు. డాక్టర్ని కాను, రిపోర్టు మీద సంతకం నాది కాదు. అయినా ఆ గాజుపలక మీద ఉండేది బొమ్మ కాదని నాకు తెలుసు, అందుకే కోపమొచ్చినా ఇది పూర్తిగా చదువు.

తెల్లకోట్లు రెండు కుట్టించుకో. హాస్టల్ కూర నచ్చలేదని పస్తుండొద్దు. ఏ వారం రికార్డు బొమ్మలు ఆ వారమే వేసెయ్. రంగు పెన్సిళ్లు నీలం, గులాబీ కొనుక్కో, మేం వాడే రంగుల్లో హెమటాక్సిలిన్ కణం లోపలి కేంద్రకాన్ని నీలంగా చేస్తుంది, ఇయోసిన్ మిగతాదాన్ని గులాబీ చేస్తుంది.

ఇంక అసలు సంగతి. మనిషి ఒంట్లో ఏ అవయవం నుంచి ముక్క తీసినా అందులో ఉండేవి నాలుగే జాతుల కణజాలాలు: ఒంటి పైనా అవయవాల లోపలా పొరలా పరుచుకునే ఉపకళ అనే ఎపిథీలియం, మిగతావాటిని కలిపి పట్టుకునే కనెక్టివ్ టిష్యూ అనే సంయోజక కణజాలం, కండరం, నరాల కణజాలం. బిషా అనే ఫ్రెంచి డాక్టరు మైక్రోస్కోపు ముట్టుకోకుండానే, శవాల నుంచి తీసిన భాగాలను ఉడకబెట్టి, ఎండబెట్టి, నానబెట్టి చూసి, తన లెక్కలో 21 రకాల కణజాలాలు చెప్పాడు. 1802లో ముప్పై ఏళ్లకే చచ్చిపోయాడు పాపం. నీకు మైక్రోస్కోపుంది, వయసుంది, ఇంక బట్టీ ఎందుకు?

స్లైడు కింద పెట్టగానే పేరు వెతుక్కోవద్దు. "ఇది ఏం పని చేసే చోటు?" అని అడుగు. ఊపిరితిత్తుల గాలిగదుల్లో ప్రాణవాయువు రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు బయటికి దాటాలి, అందుకే అక్కడ ఉపకళ ఒకే వరస, కడప బండలు పరిచినట్టు పల్చగా ఉంటుంది. నోట్లో, అన్నవాహికలో రాపిడి ఎక్కువ, పైపొరలు రాలిపోతుంటే కింద నుంచి కొత్తవి రావాలి, అందుకే వరస మీద వరస. చర్మానికి ఎండా దుమ్మూ కూడా తోడు కాబట్టి పైన కెరాటిన్ అనే గట్టి పొర. పేగుల్లో పీల్చుకునే పని, అందుకే పొడవాటి కణాలు, వాటి మీద సన్నటి వేళ్లలాంటి మైక్రోవిల్లై. శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే సన్నటి వెంట్రుకల్లాంటి సీలియా ఉంటాయి. ఏళ్ల తరబడి బీడీ తాగినోళ్లకు ఆ పొర పోయి, దాని చోట నోట్లో ఉండే రకం వరసలు మొలుస్తాయి. అది పొగకు తట్టుకుంటుంది గానీ కఫం తోయలేదు, అందుకే ఆ తెగని దగ్గు. ఇట్లా చదివితే ఏది మర్చిపోతావు చెప్పు?

ఇంకోటి. ఉపకళలో రక్తనాళాలు ఉండవు, దానికి తిండి కింద ఉన్న సంయోజక కణజాలం నుంచి రావాల్సిందే. రెండింటి మధ్య బేస్మెంట్ మెంబ్రేన్ అని సన్నటి హద్దు. క్యాన్సరు ఆ హద్దు దాటిందా లేదా అని మా సార్లు టీ చల్లారిపోతున్నా తల ఎత్తకుండా చూసేవాళ్లు. దాటకపోతే ఒక వైద్యం, దాటితే ఇంకొకటి. నువ్వు వారంలో బట్టీ కొడతానన్నది ఆ గీత గురించే.

సంయోజక కణజాలమంటే పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. కొవ్వు, స్నాయువు, మృదులాస్థి, ఎముక, ఆఖరికి రక్తం కూడా అందులోదే. మన జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లను నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. అక్కడ ఎముక గట్టిపడటమే కాదు, వంగాల్సిన స్నాయుబంధాల్లోకి కూడా కాల్షియం చేరుతుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, అందుకే మీ నాయన మోకాళ్లు అరిగినాక మళ్లీ పెరగలేదు. మీ జేజికి గుండెపోటు వచ్చినప్పుడు "కండరమే కదా, మళ్లీ రాదా" అని నువ్వు నన్నడిగినావు, అప్పుడు నువ్వు ఇంత పిల్లవి, నాకు గొంతు పెగల్లేదు. ఇప్పుడు చెప్తున్నా. చేతి కండరం కొంతవరకు బాగుపడుతుంది, పేగు గోడల్లో ఉండే నునుపు కండరం కూడా బాగుపడుతుంది, గుండె కండరం చచ్చిన చోట మాత్రం మిగిలేది మచ్చే. ఆ మచ్చ కొట్టుకోదు. జేజి మెట్లెక్కలేక ఆగిపోయేది అందుకే తల్లీ.

ఇంక నా భయం. ఎన్నో ఏళ్ల కిందట కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె మెడలో గడ్డతో వచ్చింది. టీబీనా, క్యాన్సరా తేలాలి. శనివారం సాయంత్రం ఒక కుర్ర డాక్టరు చక్కగానే కోసి లింఫు గ్రంథి మొత్తం తీశాడు. క్రిమిని పెంచి చూసే కల్చరుకు పంపే ముక్క సెలైన్లో వేయాలి, మాకు పంపేది ఫార్మలిన్లో వేయాలి. ఫార్మలిన్ సీసా ఖాళీగా ఉందంట, ఇంకో వార్డులో అడిగే ఓపిక లేక అంతా సెలైన్లోనే వేసి మూత పెట్టాడు. సోమవారం నేను మూత తీయగానే వాసన. ఒంటి నుంచి విడిపోయిన కణం ఊరికే ఉండదు పాపా, దాని ఎంజైములే దాన్ని కరిగించేస్తాయి, దాన్ని ఆపడానికే ఫార్మలిన్. అయినా ఆశ చావక మైనంలో పోసి, కోసి, రంగేసి సార్‌కు ఇచ్చిన. గులాబీ మసక తప్ప ఒక్క కేంద్రకం లేదు. "రిపోర్టు ఇవ్వలేం, మళ్లీ ముక్క కావాలి" అని రాశారు.

ఆ కాగితం ఆమెకు ఇచ్చింది నేనే. అప్పు చేసి వచ్చింది, చంకలో బిడ్డ. మళ్లీ ఎందుకు కోయాలని ఆమె అడిగితే నాకు జవాబు రాలేదు. శెనక్కాయ పీకే పనులున్నాయని వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి మెడ రెండో పక్క కూడా గడ్డలు, మనిషి సగమైంది. ఈసారి ముక్క సరిగ్గా వచ్చింది, టీబీ అని తేలింది, మందులతో బతికింది. అన్ని నెలలు ఆమె ఊరికే బాధపడింది. ఆ డాక్టరు చెడ్డోడు కాదు, తెలివైనోడు. కణజాలం మీద గౌరవం లేదు, అంతే. వారం ముందు చదివినోడనే నా అనుమానం.

కాబట్టి నువ్వు కత్తి పట్టే రోజు వస్తే ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి, గట్టిపడిన ముక్క సన్నమూతిలోంచి బయటకు రాదు. పేరు మూత మీద కాదు, సీసా ఒంటి మీద రాయాలి, మూతలు మారిపోతాయి. స్లైడు మీద పెన్సిలుతోనే రాయాలి, పెన్ను ఇంకు స్పిరిట్లో కొట్టుకుపోతుంది.

గట్టిగా మాట్లాడిన, మనసులో పెట్టుకోవద్దు బంగారూ. నీ వేళ్లు చిన్నప్పటి నుంచీ నిలకడైనవి, నువ్వు మంచి డాక్టరువైతావు. దసరాకు వచ్చేటప్పుడు రికార్డు తీసుకొనిరా. నేను ముందు మూత్రాశయం బొమ్మ చూస్తా. ట్రాన్సిషనల్ ఎపిథీలియం ఖాళీగా ఉన్నప్పుడు గుండ్రటి కణాలతో మందంగా, నిండినప్పుడు సాగి పల్చగా, రెండూ పక్కపక్కన వేసి ఉండాలి. ఒకటే వేసి తెచ్చావంటే రెండోది నా ముందర కూర్చొని వేయిస్తా.

నీ పెద్దనాయన
అనంతపురం