భానుమతిగారిది అదృష్టం కాదు, సొంత స్టూడియో

"స్టూడియోల కాలంలో ప్రేమపెళ్లి చేసుకున్న హీరోయిన్లు కెరీర్ పాడుచేసుకున్నారు కదా, భానుమతి ఒక్కరే ఎలా నిలబడ్డారు?" అని అడిగారు. అదృష్టం అని మాత్రం ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

'కృష్ణప్రేమ'కి అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తున్న రామకృష్ణగారిని ఇష్టపడి, నాన్నగారికి ఇష్టం లేకపోయినా 1943లో పెళ్లి చేసుకున్నారావిడ. ఇక సినిమాలు చాలనుకుంటే డైరెక్టరు బి.ఎన్. రెడ్డిగారు 'స్వర్గసీమ'కి ఒప్పించారు. తర్వాత కొడుకు పేరు మీద భరణి పిక్చర్స్, ఆపైన స్టూడియో. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేశారు. అందుకే 'మిస్సమ్మ' షూటింగుకి వరలక్ష్మీ వ్రతం నాడు ఆలస్యంగా వెళ్లారని నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ రాసిమ్మంటే, రాయకుండా బయటికొచ్చేశారు. నెలజీతం మీద బతికే మనిషైతే నోరు మూసుకుని రాసిచ్చేది. ఆ వేషం సావిత్రికి వెళ్లింది.

మా అప్ప విజయనగరం సంగీత కాలేజీలో వీణ నేర్చుకుంది, ఘంటసాలగారు చదివిన కాలేజీయే. దానికి పెళ్లిచూపులు జరిగినప్పుడు మగపెళ్లివారి పెద్దాయన చేగోడీలు నములుతూ, "పెళ్లయ్యాక కచేరీలవీ వద్దండి. కళల్లోకి దిగినవాళ్ల గతి చూశాం కదా, పాపం సావిత్రి" అన్నాడు.

మా మేనత్త లెక్కల టీచరు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చినావిడ అక్కడే ఆగిపోయింది. "జెమినీ గణేశన్‌ని చేసుకున్నాకే కదండీ 'మిస్సమ్మ', 'మాయాబజార్' వచ్చాయి? 1968లో డైరెక్టరు కూడా అయింది. మగాడు సినిమా తీసి నష్టపోతే వ్యాపారంలో దెబ్బతిన్నాడంటారు. ఆడది నష్టపోతే ప్రేమించి పాడైందంటారా? పోనీ, భానుమతి పేరు ఎత్తరేం అన్నయ్యగారూ?"

"ఆవిడకి పొగరండి."

"ఆ పొగరే మా పిల్లక్కావాలి."

లోపలి గదిలోంచి అప్ప పకపకా నవ్వింది. ఇంకేముంది, సంబంధం తప్పిపోయింది. నాన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాకా మేనత్తతో మాట్లాడలేదు. ఇప్పుడు యూట్యూబ్ నిండా అదే పెద్దాయన ఏడుపు: ప్రతి పాత హీరోయిన్ ఫొటో పక్కనా 'కన్నీటి గాథ' అని ఎర్రక్షరాలు. ఎంత పారితోషికం తీసుకున్నారు, ఏ సినిమా తీశారు అనేది ఒక్కడూ చెప్పడు.

అప్పకి తర్వాత రాజాంలో పెళ్లయింది. బావకి సంగీతం వింటే నిద్రొస్తుంది. కానీ వీణ పాఠాల ఫీజులు అప్ప అకౌంట్లోనే పడాలని మేనత్త ముందే ఒప్పించింది. నెలాఖరుకి బావే అప్ప దగ్గర చేబదులు తీసుకుంటాడు.