ఇంకొక్క టర్న్ అంటూనే తెల్లవారుతోంది

ప్రశ్న: మేడమ్, మాది విశాఖ. నాకు 32 ఏళ్లు, మా ఆయనకి 36. బ్యాంకులో క్యాషియర్. ఏడేళ్ల పాప ఉంది. ఆయనకి ఏ చెడు అలవాటూ లేదు. ఉన్నదల్లా లాప్‌టాప్‌లో సివిలైజేషన్ అనే ఆట. రాత్రి పాప పడుకున్నాక పదకొండింటికి మొదలుపెడతారు. ‘ఇంకొక్క టర్న్, వచ్చేస్తున్నా’ అంటారు. టర్న్ అంటే ఆటలో ఒక వంతట. నాకు మెలకువ వచ్చి చూస్తే మూడవుతుంది. రెండేళ్ల కిందట అనకాపల్లి వైపు బ్రాంచికి బదిలీ అయినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. పొద్దున్న ఎనిమిదింటికల్లా బైక్ మీద బయలుదేరాలి. మొన్న క్యాష్ లెక్కలో తేడా వచ్చి నాలుగు వేలు చేతి నుంచి కట్టారు. అడిగితే ‘ఇదేమైనా పేకాటా? బుర్ర పెట్టి ఆడేది, చరిత్ర తెలుస్తుంది’ అంటారు. మా అత్తయ్య ‘తాగుతాడా, తిరుగుతాడా, ఇంట్లోనే ఉంటున్నాడు కదమ్మా’ అంటారు. పోయిన నెల కోపం పట్టలేక, ఆయన మూడు వారాలుగా ఆడుతున్న ఆటని చెరిపేశాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. చిత్రం ఏమిటంటే, సంక్రాంతికి రాజాంలో మా పుట్టింటికి వెళ్తే ఐదు రోజులు ఆట ఊసే ఎత్తలేదు. భోగి మంటకి దుంగలు మోశారు, పదింటికల్లా నిద్రపోయారు. ఇది జబ్బేనా? ఆన్‌లైన్ ఆటలు నిషేధించారని టీవీలో చెప్పారు, ఇదీ అందులోకి వస్తుందా? శనివారాలు తన కాలేజీ స్నేహితులతో కలిసి ఆడతారు, ఒకాయన డాలస్‌లో ఉంటాడు. పాప కూడా పక్కన కూర్చుని చూస్తోంది. నన్నూ నేర్చుకోమంటారు. ఏం చేయమంటారు? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు ‘చిత్రం ఏమిటంటే’ అని రెండు ముక్కల్లో చెప్పి దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ఐదు రోజులు ఆట లేకుండా ఉన్నారు. దాని ఊసే ఎత్తలేదు, వేళకి నిద్రపోయారు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చిన విషయం ఇదే.

ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ‘గేమింగ్ డిజార్డర్’ అనేది నిజంగానే ఉంది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఎక్కువసేపు ఆడేవాళ్లందరికీ ఆ పేరు పెట్టరు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మనిషి చేతిలో లేకుండా పోవాలి. ఇల్లు, ఉద్యోగం, తిండి, స్నేహాలు అన్నీ ఆట తర్వాతే అయిపోవాలి. నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆట ఆగకూడదు. ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగి, బతుకుని గట్టిగా దెబ్బతీసినప్పుడే డాక్టర్లు ఆ మాట అంటారు. మీవారు ఉద్యోగానికి వెళ్తున్నారు, జీతం ఇంటికి తెస్తున్నారు, పండగకి మనిషిలా పండగ చేసుకున్నారు. ఉత్తరం చదివి నిర్ధారణ చేసే పని నేనే కాదు, ఎవరూ చేయకూడదు. కానీ చూస్తుంటే ఇది జబ్బు దాకా వచ్చినట్టు లేదు. ముదిరిన అలవాటు. రాజాంలో రాత్రి పడుకునేదాకా ఆయన చుట్టూ మనుషులున్నారు. విశాఖలో ఆ వేళకి లాప్‌టాప్ ఉంది. తేడా అక్కడుంది.

అలాగని మీ అత్తయ్యగారి లెక్కకి నేను ఒప్పుకోను. తాగడు, తిరగడు, కాబట్టి మంచి భర్త! మగవాళ్లకి మన ఇళ్లలో పాస్ మార్కులు ఎంత తక్కువో చూడండి. మనిషి ఇంట్లోనే ఉన్నా మీకు దొరకడం లేదు, అదే మీ బాధ. అది చిన్న బాధ కాదు. ఆయన ఏ దుర్వ్యసనమూ లేనివాడైనంత మాత్రాన అది నోరు మూసుకుని భరించాల్సిందీ కాదు.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది నిద్ర సంగతి. మూడింటికి పడుకుని ఎనిమిదింటికి బైక్ ఎక్కే మనిషి హైవే మీద లారీల మధ్య వెళ్తున్నాడు. నాలుగు వేలు పోతే పోయాయి, మళ్లీ సంపాదించుకోవచ్చు. నిద్రలేమిలో మనిషికి తన మత్తు తనకి తెలియదు, ‘నేను బాగానే ఉన్నా’ అనే అనుకుంటాడు. అందుకే ఈ ఒక్క విషయంలో బేరం వద్దు. రాత్రి ఒంటిగంట దాటితే మర్నాడు బస్సులోనో రైల్లోనో వెళ్లాలి, బైక్ తాళాలు మీ దగ్గరుంటాయి. ఆటని మీరు తిడుతున్నారని ఆయనకి అనిపించకుండా చెప్పగలిగిన షరతు ఇది. ఏ మగాడైనా కాదనడానికి కాస్త సిగ్గుపడతాడు.

ఇక ఆట దగ్గరికొద్దాం. ‘ఇంకొక్క టర్న్’ అన్నప్పుడు ఆయన మీకు అబద్ధం చెబుతున్నారని మీరు అనుకుంటున్నారు. కాదమ్మా, ఆ క్షణంలో ఆయన నిజంగానే అలా అనుకుంటారు. ఈ ఆట 1991లో వచ్చింది. సిడ్ మైయర్ అనే అమెరికన్ డిజైనర్, బ్రూస్ షెల్లీ కలిసి చేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీన్ని ఆడేవాళ్లందరూ చెప్పుకునే మాట ‘ఇంకొక్క టర్న్’. ఆట ముగిసి గెలిచేశాక కూడా తెర మీద ‘ఇంకొక్క టర్న్’ అని ఒక బటన్ ఉంటుంది. ఆ పిచ్చి తయారు చేసినవాళ్లకీ తెలుసన్నమాట.

అది ఎలా పట్టుకుంటుందో చెబుతాను, మీకు పనికొస్తుంది. క్రీ.పూ. 4000లో ఊరు కట్టుకోవడానికి వచ్చిన ఒక గుంపు, కాపలాకి ఒక యోధుడు, అంతటితో మొదలవుతుంది. అక్కడి నుంచి రాజ్యం పెంచాలి. మామూలు వేగంలో పెట్టుకుంటే ఒక ఆట 500 టర్న్‌ల దాకా సాగుతుంది. రాత్రి ఒంటిగంటకి మీవారి తెర ఇలా ఉంటుందనుకోండి. పిరమిడ్లు రెండు టర్న్‌లలో పూర్తవుతాయి. అవి అయ్యేదాకా ఉందాం అనుకుంటారు. ఆ రెండూ గడిచేసరికి, కొత్త విద్య చేతికి రావడానికి ఇంకొక్కటే మిగులుతుంది. అదీ వచ్చిందా, దాంతో ఓడలు కట్టొచ్చు, సముద్రం అవతల ఏముందో చూడొచ్చు. ఓడ బయలుదేరగానే ఉత్తరాన పక్క రాజు సైన్యం సరిహద్దుకి వచ్చి నిలబడుతుంది. అన్నీ ఒకేసారి పూర్తయ్యే ఘడియ ఎప్పటికీ రాదు. ఎప్పుడు లేచినా ఏదో ఒకటి సగంలో వదిలేసి లేవాల్సిందే. సగంలో ఆగిన పని మనసుని వదలకుండా పీకుతూ ఉంటుంది. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లోనే దీని గురించి రాశారు. ఆ ఫలితాల మీద తర్వాత వాదనలు చాలా జరిగాయి గానీ, పొయ్యి మీద పాలు పెట్టి హాల్లోకి వచ్చి కూర్చున్న ఎవరినడిగినా ఆ పీకుడు సంగతి చెబుతారు.

ఫోన్లో ఆడే క్లాష్ ఆఫ్ క్లాన్స్ లాంటివి ఇందుకు తిరగేసి పనిచేస్తాయి. కోట కట్టడానికి రోజులు పడుతుందని చెప్పి బయటికి పంపేస్తాయి, తర్వాత గంట కొట్టి వెనక్కి పిలుస్తాయి, ఓపిక లేకపోతే డబ్బు కట్టమంటాయి. మీవారిది ఆ రకం కాదు. ఒకసారి కొనుక్కున్న ఆట. మధ్యమధ్య డబ్బు గుంజదు, బయటికి మాత్రం పోనివ్వదు.

కాబట్టి ‘గంటే ఆడండి’ అని మీరు పెట్టే నియమం నిలవదు, ఇప్పటికే చూసి ఉంటారు. ‘పది టర్న్‌లే’ అన్నా లాభం లేదు. ఆట మొదట్లో ఒక టర్న్ క్షణాల్లో అయిపోతుంది, రాజ్యం పెరిగాక ఒక్కోటి ఐదారు నిమిషాలు మింగుతుంది. ఆ ఆటలో ఆగే చోటు లేదు. దాన్ని బయటి నుంచి కట్టుకోవాలి. ఆ కట్టుకునేది ఆయనే అయి ఉండాలి. మీరు కాపలా కూర్చున్నారనుకోండి, హాస్టల్ వార్డెన్ అయిపోతారు. ఆయన గోడ దూకే కుర్రాడవుతాడు. మూడు వారాల ఆటని మీరు చెరిపేసిన రోజున జరిగింది అదే. మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ చర్యతో గొడవ ‘ఆట – నిద్ర’ మధ్య నుంచి ‘నువ్వు – నేను’ మధ్యకి వచ్చింది. ఆయన తప్పు పక్కకిపోయి మీ తప్పు ముందుకొచ్చింది. నాలుగు రోజుల మౌనానికి ఆయనకో సాకు దొరికింది.

ఆ ఆటలో ఆయనకి ఏం దొరుకుతోందో కూడా ఒక్కసారి ఆలోచించండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కౌంటర్లో ఇంకొకరి డబ్బు లెక్కపెట్టడం, ఇంకొకరు పెట్టిన రూల్స్, క్యూలో అరిచేవాళ్లు. ఇష్టం లేని బదిలీ. అక్కడ ఆయన చెప్పినట్టు జరిగేది ఏదీ లేదు. రాత్రి పదకొండింటికి చంద్రగుప్త మౌర్యుడై కూర్చుంటే (2018 నుంచి ఆ ఆటలో ఆయన కూడా ఉన్నాడు) ఎక్కడ ఊరు కట్టాలి, ఎవరితో సంధి చేసుకోవాలి, అంతా తన మాటే. వేసిన ఎత్తు ఫలించిందో లేదో కాసేపట్లో తెలిసిపోతుంది. ‘బుర్ర పెట్టి ఆడేది’ అన్న మాట అబద్ధం కాదు, ఆ ఆటకి నిజంగా ముందుచూపు కావాలి. అయితే ఆ బుర్ర మర్నాడు పొద్దున్న క్యాష్ కౌంటర్లో కూడా కావాలి కదా. ఈ మాట మీరు అనకండి. ఆయన్ని బదిలీ గురించి అడగండి. రెండేళ్లలో ఎవరైనా అడిగారా? బదిలీకి మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలుందా? బ్రాంచిలో ఎవరితోనైనా పడటం లేదా? ఆటకన్నా ముందు మాట్లాడాల్సింది అదేమో.

మాట్లాడటానికి వేళ చూసుకోండి. రాత్రి ఆయన యుద్ధంలో ఉండగా గుమ్మంలో నిలబడి మొదలుపెట్టొద్దు. ఆదివారం టిఫిన్ అయ్యాక, పాప బయట ఆడుకుంటున్నప్పుడు కూర్చోండి. ముందు మీది మీరు చెప్పేయండి: ‘ఆ రోజు చెరిపేయడం సరికాదు, ఇంకెప్పుడూ చేయను.’ అక్కడ ఆగకండి. ‘రాత్రిళ్లు మంచం మీద ఒక్కదాన్నే ఉంటున్నాను. మీరు పొద్దున్న బైక్ ఎక్కాక ఫోన్ వచ్చేదాకా నాకు గుండె దడ. ఆట మానమని అడగట్లేదు. ఎప్పుడు ఆపుతారో మీరే చెప్పండి.’ ఇంతే. ఆయన చరిత్ర, చదరంగం, తెలివితేటలు అని ఏవో తెస్తారు. వాదించకండి. ‘అవన్నీ సరే, ఎన్నింటికి ఆపుతారు?’ అని మళ్లీ అడగండి.

నన్నడిగితే పదకొండింటికి మొదలుపెట్టడమే అసలు తప్పు. ఆ తర్వాత రోజులో ఇంక ఏ పనీ ఉండదు, అడ్డుగోడ లేదు. ఇంటికొచ్చి కాఫీ తాగాక ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఆడుకోమనండి. తొమ్మిదింటికి అన్నం పెడతారు, పాప నాన్న కోసం చూస్తుంది, ఆట దానంతటదే ఆగుతుంది. ఆ గంటన్నరలో పాప హోంవర్క్ మీ మీద పడుతుందనుకోండి, ఆ బదులు వేరే పని ఆయనకి అప్పగించండి, ఊరికే ఇవ్వొద్దు. పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమనండి. లేచేముందు ‘ఓడ తూర్పుకి పంపాలి, ఉత్తరం కోటకి గోడ కట్టాలి’ అని రాసుకుని, టర్న్ సగంలోనే సేవ్ చేసి మూసేయాలి. రేపు ఏం చేయాలో కాగితం మీద పడ్డాక మనసు దాన్ని మోయడం కాస్త తగ్గిస్తుంది. నా దగ్గరికి వచ్చే ఇలాంటివాళ్లకి ఇది వినగానే నవ్వొస్తుంది. చేసి చూశాక మాత్రం ఎక్కువ మంది మానరు.

శనివారం రాత్రి ఆటని మాత్రం ముట్టుకోకండి. ఇక్కడ రాత్రయితే డాలస్‌లో పొద్దున్న, ఆ స్నేహితుడికి అది సెలవు రోజు కాఫీ వేళ. ముప్పై ఆరేళ్ల మగాడికి కాలేజీ స్నేహాలు మిగలడమే అరుదు. మర్నాడు ఆదివారం, బైక్ ఎక్కే పని లేదు. రెండైనా పర్వాలేదు.

చట్టం సంగతి: 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద. మీవారిది ఆ కోవలోది కాదు, పోలీసులొస్తారేమోనని మీ అత్తయ్యగారు భయపడక్కర్లేదు. పాప విషయంలో, ఆదివారం పగలు అరగంట నాన్న పక్కన కూర్చుని మ్యాప్ చూస్తే నష్టం లేదు. రాత్రి నిద్రమానుకుని వద్దు. ‘నాన్న ఆపమంటే ఆపడు’ అన్నది ఆ వయసు పిల్లలు చాలా త్వరగా నేర్చేసుకుంటారు, ఇది ఆయనకి చెప్పండి.

ఒక రెండు నెలలు చూడండి. మధ్యలో తప్పుతారు, మళ్లీ మూడు గంటల రాత్రులు వస్తాయి, అంతలోనే కొంప మునిగినట్టు కాదు. కానీ ఆయన ఆపాలనుకుని ఆపలేక తనలో తానే కుమిలిపోతున్నా, ఆడిన సంగతి దాస్తున్నా, సెలవులు పెట్టి ఆడుతున్నా, ఆట లేని రోజున కూడా ముభావంగా, ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటున్నా ఆలస్యం చేయొద్దు. చాలాసార్లు ఇలాంటి ఆట వెనక డిప్రెషన్ నక్కి ఉంటుంది, అప్పుడు వైద్యం దానికి కావాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) కౌన్సెలర్లు తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా, ఉచితంగా. మీ ఊళ్లోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఈ తెర అలవాట్ల కోసమే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది గానీ, అంత దూరం వెళ్లే అవసరం మీకు ఇప్పుడు కనిపించడం లేదు. ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ కలిసి వెళ్లండి.

చివరిగా, నేర్చుకోవాలా అని అడిగారు. మీకు సరదా ఉంటే నేర్చుకోండి, భార్యగా బాధ్యత అని మాత్రం కూర్చోకండి. ఒక సాయంత్రం పక్కన చేరి ‘ఈ ఊరు ఇక్కడే ఎందుకు కట్టారు?’ అని అడిగి చూడండి. ఆయన గంటసేపు చెబుతారు, తప్పించుకోలేరు. నచ్చకపోతే లేచి మీ సీరియల్ పెట్టుకోండి.