యాత్ర వాయిదా పడింది, ఇంట్లో మాటలు పెరిగాయి

ప్రశ్న: మాది మల్కాజ్‌గిరి. మేమూ, ఉప్పల్‌లో ఉండే మరిది వాళ్లూ, ఆడపడుచు వాళ్లూ, 74 ఏళ్ల మా అత్తయ్యగారూ కలిసి మేలో వెళ్లాల్సిన నేపాల్ ముక్తినాథ్ యాత్రకు డబ్బు కట్టాం. బ్యాచ్ నిండలేదని టూర్ వాళ్లు అక్టోబరు చివరికి మార్చారు. ‘అడ్వాన్సు కట్టేముందు మమ్మల్ని అడిగావా’ అని మరిది వాట్సాప్ గ్రూపులో మావారిని నిలదీశాడు. అత్తయ్య ఉండేది వాళ్ల దగ్గరే. ‘అక్కడా ఆవిడను చూసుకోవాల్సింది నేనేగా’ అంది తోడికోడలు. మావారు గ్రూపులోంచి బయటికొచ్చేశారు. అత్తయ్యేమో ‘స్వామి నన్ను పిలవలేదు’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. యాత్ర ఆలోచన నాదే. అందరూ నన్నే అంటున్నట్టుంది. డబ్బు వెనక్కి తీసుకుని మానేద్దామా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. ఈ వేడిలో రద్దు చేసుకుంటే డబ్బులో కోత పడుతుంది, ‘నీ వల్లే’ అన్న మాట మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మీ ఉత్తరంలో అసలు విషయం తోడికోడలి మాటలో ఉంది. ఎత్తిపొడుపులా వినిపించినా అందులో నిజముంది. అత్తయ్య మందులూ, పథ్యం, ఆస్పత్రీ ఏడాది పొడవునా చూసేది ఆమే. ఆమెకు ఇది యాత్రే కాదు, సెలవు కూడా. అక్కడా అదే చాకిరీ నెత్తిన పడుతుందేమోనన్న భయం చెప్పుకునే చోటు దొరక్క గ్రూపులో అనేసింది. మేలో బయల్దేరి ఉంటే ఈ మాట ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌ ఊళ్లో, చలిలో, అత్తయ్య వింటుండగా వచ్చేది. అక్కడ లేచి ఎవరింటికి వాళ్లు పోయే దారి కూడా ఉండదు. వాయిదా మీకు చేసిన పెద్ద మేలు ఇదే: గొడవ ఇంటి దగ్గరే బయటపడింది, సర్దుకోవడానికి నెలల వ్యవధి ఉంది.

ముందు ఉప్పల్ వెళ్లి ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఫోన్లో వద్దు, గ్రూపులో అసలే వద్దు. ‘ఇన్నాళ్లూ నువ్వే చూశావు. యాత్రలో అత్తయ్య బాధ్యత నాదీ వదినదీ’ అనండి. అని ఊరుకుంటే నమ్మదు, పనులు పంచి చెప్పండి. రాత్రి అత్తయ్య గదిలో పడుకునేది మీరు. మందులు ఆడపడుచు చూడాలి: ఎన్ని రోజులకు కావాలో దానికి రెట్టింపు తీసుకుని రెండు సంచుల్లో, అదీ చేతి సామానులోనే పెట్టాలి. జీపు, మెట్లు, క్యూ దగ్గర చెయ్యి పట్టుకునేది కొడుకులిద్దరూ. ఏ మందు ఎప్పుడు వేయాలో తోడికోడలి దగ్గరే కూర్చుని రాసుకోండి. ఇన్నాళ్లూ తను చేసిన పని ఎంతో మీకు తెలిసిందన్న సంగతి అప్పుడు ఆమెకు అర్థమవుతుంది.

అత్తయ్యగారితో ‘పిలుస్తాడులెండి’ అని వాదించకండి, బాధ ఇంకా పెరుగుతుంది. ఆళ్వార్లు కీర్తించిన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, మన దేశం బయట భూమ్మీద ఉన్నది ముక్తినాథ్ ఒక్కటే. ఆ ఆశ చిన్నది కాదు, ఏడవనివ్వండి. తర్వాత ఒక పని అప్పజెప్పండి. విష్ణు సహస్రనామం పూర్తిగా వినడానికి దాదాపు అరగంట పడుతుంది. పొద్దున్నే అది వింటూ నడవమనండి. మొదట పది నిమిషాలు, డాక్టరు సరేనంటే నెమ్మదిగా పూర్తి స్తోత్రం అయ్యేదాకా.

ఈ నడక ఊసుపోకకు చెప్పడం లేదు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో. ముక్తినాథ్ సుమారు 3,700. 800 మీటర్ల దగ్గరున్న పోఖరాలో విమానమెక్కితే అరగంటలోపే 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో దిగుతారు. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడే సమయమే ఉండదు. కుర్రాళ్లకు కూడా తలనొప్పి, వికారం వస్తాయి. 74 ఏళ్ల మనిషికి ముందుగా బీపీ, హిమోగ్లోబిన్, ఈసీజీ, డాక్టరు చెబితే ఎకో చేయించాలి. రక్తం తక్కువుంటే పెరగడానికీ, బీపీ మందు మారిస్తే కుదురుకోవడానికీ వారాలు పడుతుంది. మే ప్రయాణానికి ఆ వారాలు లేవు, ఇప్పుడున్నాయి. కొండ ఎత్తుల్లో వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ లాంటి మాత్ర ఎవరో చెప్పారని వేసేయకండి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు పైకెళ్లి దర్శనం చేసుకుని, పడుకోవడానికి మళ్లీ కిందికి రావడం మేలు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే వెంటనే దిగిపోవాలి, అది దర్శనం కాకముందైనా సరే. అక్కడి 108 ధారల కింద స్నానం చేస్తానని అత్తయ్య పట్టుబడతారు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఆ మంచునీళ్లు ఒక్కసారిగా మీద పడటం ప్రమాదం. నెత్తిన చల్లుకుంటే చాలని ఇప్పటినుంచే, వీలైతే ఆవిడ నమ్మే అయ్యగారి చేత చెప్పించండి.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు గానీ, విమానంలో వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ చెల్లదు. మనవాళ్లకు చిక్కొచ్చేది ఇంటిపేరు దగ్గర. కార్డులో ఒట్టి ఇనీషియల్, టికెట్లో పూర్తి ఇంటిపేరు ఉంటే కౌంటర్ దగ్గర ఆపుతారు. అందరి కార్డులూ ఒకచోట పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఓటరు కార్డులో తప్పుంటే ఫారం 8 ఇవ్వాలి. ఈ పని మరిదికి అప్పజెప్పండి. తనను అడగలేదన్నదే ఆయన కోపం. అడిగి చేయించుకునే పని ఒకటి ఉండాలి.

మీ వారిని మళ్లీ గ్రూపులో చేర్చే ప్రయత్నం చేయకండి. ఆయన బాధ గ్రూపు గురించి కాదు, డబ్బు విషయంలో మాట పడ్డందుకు. కాగితం చేతిలో ఉంటే ఆయనకు ధైర్యం వస్తుంది. కొత్త తేదీ, ధర పెరిగితే ఎవరు భరిస్తారు, ఒకరు మానుకుంటే ఎంత కోస్తారు, జోమ్‌సోమ్ విమానం రద్దయితే జీపు ఖర్చు, అదనపు రాత్రి ఖర్చు ఎవరివి అన్నవి టూర్ వాళ్ల చేత రాతపూర్వకంగా తీసుకోమనండి. ఈ చివరిది ముఖ్యం. ఆ లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి ఉధృతమవుతుంది కాబట్టి విమానాలు ఉదయమే నడుస్తాయి, తరచూ రద్దవుతాయి. జీపులో రోజు పడుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచమనండి.

అక్టోబరు కలిసొచ్చే నెలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు ఆ దారిలో కొండచరియలు పడుతుంటాయి, తర్వాత ఆకాశం తేటపడి మంచుకొండలు బాగా కనిపిస్తాయి. కాకపోతే మన దసరా రోజుల్లోనే వాళ్లకు దశైన్, అది వాళ్ల అతిపెద్ద పండగ. టికెట్లు, గదులు దొరకవు. మీ తేదీ ఆ పండగలో పడకుండా చూసుకోండి.

ఇన్ని చేసినా మరిది రానంటే బలవంతపెట్టకండి. టూర్ వాళ్ల కోత పెరిగే తేదీకి ముందే తేల్చి చెప్పమనండి. అయితే ఆయన మాటనే భార్యాభర్తలిద్దరి మాటగా తీసుకోకండి. తోడికోడలికి రావాలనుందేమో విడిగా అడగండి. వస్తానంటే ఆమె టికెట్ ఉంచండి.