సాకెట్ అరగదీసే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నెల్లూరులో కృత్రిమ కాళ్లు చేసేచోట చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొదట నీ చేతికొచ్చేవి మోకాలి కింది కాళ్లే కాబట్టి వాటి గురించే రాస్తున్నా.

సాకెట్‌కి, అంటే కోసాక మిగిలిన కాలు (స్టంప్) దూరే గిన్నెకి, అచ్చు తీసే ముందు స్టంప్‌ని రెండు చేతులతో తడిమి, తడి తగిలితే రంగు దిగే కాపీయింగ్ పెన్సిల్‌తో గుర్తులు పెట్టు. మోకాలిచిప్ప కింది స్నాయువు, ముంగాలి ఎముక పైభాగాన లోపలివైపు వెడల్పుగా ఉండే చోటు, ఆ ఎముక పక్కన బయటివైపు కండ, ఇవి బరువు మోస్తాయి. ముంగాలి అంచు, కోసిన ఎముక కొన, మోకాలి కింద బయటిపక్క బొడిపె మోయలేవు. ఆ బొడిపె కిందుగా నరం చుట్టి పోతుంది, నొక్కితే తిమ్మిరెక్కుతుంది. అందుకే ఆ అచ్చులో పోసి, సాకెట్‌కి మూసగా వాడే ప్లాస్టర్ దిమ్మ మీద మోసేచోట ప్లాస్టర్ గీకుతాం, మోయలేనిచోట పూస్తాం.

1950ల చివర బర్కిలీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పీటీబీ (పటెల్లార్ టెండన్ బేరింగ్, అంటే మోకాలిచిప్ప కింది స్నాయువు బరువు మోసేది) సాకెట్ పేరు విని, మనిషిని స్నాయువు ఒక్కదాని మీదే నిలబెట్టాలనుకునేవాళ్లున్నారు. అలా చెయ్యబాకు. బరువు ఎంత పరుచుకుంటే చర్మానికి అంత మేలు. అడుగున కూడా చర్మం ఆనాలి. ఖాళీ ఉంటే కొన వాచి, పులిపిర్ల మాదిరి గరుకెక్కుతుంది.

ఇక అసలు సంగతి. చీమకుర్తి క్వారీ నుంచి ఒకాయన వచ్చి 'అన్నా, కొన దగ్గర పొడుస్తా ఉంది' అన్నాడనుకో. వెంటనే అరగదీసే మిషన్ దగ్గరికి పోవద్దు. ఎండలో పొద్దుగూకులా నిలబడితే స్టంప్ సన్నబడుతుంది, సాకెట్‌లోకి దిగిపోతుంది, కొన అడుగుకు కొట్టుకుంటుంది. వదులైనదాన్ని ఇంకా అరగదీస్తే ఇంకా దిగుతాడు. అడుగున చిన్న మట్టిముద్ద వేసి నిలబెట్టు. రేకులా అణిగిపోతే దిగిపోతున్నట్టే. స్టంప్‌కి ఒక సాక్స్ అదనంగా తొడిగి నడిపించు. నొప్పి తగ్గిందా, సాకెట్‌ని ముట్టుకోకు. తగ్గకపోతే నొప్పి ఉన్నచోట లిప్‌స్టిక్ రాసి తొడుగు, లోపల ఎక్కడ అంటిందో అక్కడే పనిచెయ్యి. విప్పాక ఎర్రదనం పది నిమిషాల్లో పోకపోతే ఇంటికి పంపొద్దు. షుగరున్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, వాళ్ల విషయంలో నీ కళ్లనే నమ్ముకో.

సాకెట్ వెనక గోడ ఎత్తు కూడా చూడు. మనవాళ్లు నేల మీద కూర్చుంటారు, ఎత్తుగా ఉంటే మోకాలు మడవనివ్వదు. మరీ తగ్గిస్తే స్టంప్‌ని ముందుకు నెట్టే ఆధారం పోయి, స్నాయువు దాని చోటి నుంచి జారుతుంది. కూర్చోబెట్టి చూశాకే కొయ్యి.

కొత్తగా కాలు పోయినవాళ్ల స్టంప్ నెలల తరబడి తగ్గుతూనే ఉంటుంది. మళ్లీ రావాల్సి ఉంటుందని మొదటి రోజే చెప్పు. వీలైతే సాయంత్రం పూట రమ్మను, అప్పటికి స్టంప్ సన్నబడి ఉంటుంది.

మీ మామయ్య