ఫ్లెక్సీ మీద ప్యాకేజీ చూసి అమ్మాయి చదువు తేల్చకండి

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. అమ్మాయి మరాఠీ మీడియంలో పన్నెండో తరగతి చదువుతోంది. లెక్కలంటే ప్రాణం, స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేస్తానంటోంది. ఎప్పుడు చూసినా సంభావ్యత (ఏది జరిగే అవకాశం ఎంతో చెప్పే లెక్క) గొడవే. మొన్న సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) పరీక్షల క్యాంపు అయ్యాక చుట్టాలందరికీ అవే లెక్కలు చెప్పింది. వాటితో కడుపు నిండుతుందా? హైదరాబాద్‌లో బీటెక్ డేటా సైన్స్‌లో చేర్పించమని మా బావమరిది అంటున్నాడు. ఆ కాలేజీ ఫ్లెక్సీ మీద 40 లక్షల ప్యాకేజీ ఉంది. పొలం తాకట్టు పెట్టి చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మాయి చుట్టాలకు లెక్కలు చెప్పిందని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట అదే.

భార్యాభర్తలిద్దరూ సికిల్ సెల్ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్నవాళ్లైతే, బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదని చాలా ఇళ్లలో అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటి నుంచే, మళ్లీ నాలుగింట ఒకటే. అలాంటి దంపతులకు ముగ్గురు పిల్లలు పుడితే ముగ్గురూ జబ్బు లేకుండా ఉండే అవకాశం 42 శాతమే. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టి, 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేయిస్తోంది. పరీక్ష ఫలితంతో చేతికి కార్డు వస్తుంది సరే, పెళ్లి మాటలకు ముందు ఆ కార్డుకు అర్థమేమిటో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేదెవరు? మీ అమ్మాయి చెప్పింది, అదీ పన్నెండో తరగతిలోనే.

వరద సంగతీ అంతే. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత మీ వైపు ఎంత పని చేశాయో మీకే బాగా తెలుసు. ఇంజినీర్లు 'వందేళ్ల వరద' అంటే వందేళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. అలాంటి చోట ఇల్లు కట్టుకుని 30 ఏళ్లు ఉంటే, ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం 26 శాతం. పంట బీమా ప్రీమియం కట్టించేది కూడా ఈ లెక్కే.

ఇక డేటా సైన్స్. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఆ పేరుతో సీట్లు పెరిగినంత వేగంగా స్టాటిస్టిక్స్ చెప్పగల అధ్యాపకులు పెరగలేదు. చాలాచోట్ల సంభావ్యత ఒక సెమిస్టర్‌తో సరిపెట్టి, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ టూల్స్ నేర్పిస్తారు. టూల్స్ నాలుగేళ్లలో పాతబడతాయి. మామూలు కోడ్ ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతోంది. ఆ కోడ్ ఇచ్చే జవాబు నమ్మదగిందో కాదో తేల్చడానికి మీ అమ్మాయి ఇష్టపడే సబ్జెక్టే కావాలి. మంచి కాలేజీలు లేవని కాదు. అలాంటి చోట సీటొస్తే, అమ్మాయికీ ఇష్టమైతే వద్దనను.

కానీ 40 లక్షలు ఎంతమందికి వచ్చింది? ఫ్లెక్సీ మీద వేసేది అందరికంటే ఎక్కువ వచ్చిన ఒక్కరి జీతం. ఆ బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్న జీతమెంత? ఇవి అడగకుండానే పొలం కాగితాలు బయటికి తీశారు! కోపం తెచ్చుకోకండి, ఉత్తరంలో బావమరిది మాట రాశారు, ఫ్లెక్సీ మాట రాశారు. ఆ చదువు ఎందుకు కావాలంటోందో అమ్మాయిని అడిగినట్టు ఒక్క వాక్యం లేదు. బీఎస్సీ అంటే నలుగురిలో చిన్నతనమన్న భయం మీది. ఆ భయానికి అమ్మాయి ఎందుకు వడ్డీ కట్టాలి?

బీఎస్సీ ఒక్కటే చాలదు, ఎమ్మెస్సీ కూడా చేయాలి. మొత్తం ఐదేళ్లు పడుతుంది, మొదటి జీతం తక్కువగానే ఉండొచ్చు. ఆ తర్వాత దారులు చాలా ఉన్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. బీమా కంపెనీల్లో యాక్చువరీలు (నష్టాల అవకాశం లెక్కగట్టి ప్రీమియం తేల్చేవాళ్లు), బ్యాంకుల్లో రిస్క్ విభాగాలు, మందుల ప్రయోగాల ఫలితాలు తేల్చే కంపెనీలు, అన్నిటికీ ఈ చదువు పనికొస్తుంది. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్‌కు (స్టాటిస్టిక్స్ డిగ్రీకి) ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ప్రవేశ పరీక్ష కష్టమే, అయినా రాయించండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు చేరింది ఆ సంస్థలోనే. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అక్కడ రాకపోతే పుణె, హైదరాబాద్‌లలో మంచి డిగ్రీ కాలేజీలున్నాయి.

మరాఠీ మీడియం గురించి టెన్షన్ వద్దు. మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడుతుంది, పడనివ్వండి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నెగ్గుకొచ్చిన పిల్లకు మూడో భాష కొరుకుడుపడకుండా పోదు.

ఆ కాలేజీకి పైన చెప్పిన మూడు ప్రశ్నలూ రాసి పంపండి, రాయడం అమ్మాయికే అప్పజెప్పండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా తాకట్టు పత్రాల మీద సంతకం పెట్టకండి.